తలకట్టు లేని వరస

మేడక్క చనిపోయిందని మాకు చెప్పింది ఇంటి ఓనరు కాకిమా. మెట్ల మీద నిలబడి, ఒక చెయ్యి గోడకి ఆనించి, "మీ దీదీ ఆర్ నేయి రే" అంది. ఇక లేదు అని. నేను స్కూలుకి తయారవుతున్నాను. ఒక షూ కాలికి ఉంది, ఇంకోటి చేతిలో ఉంది. డెంగ్యూ అని ఆస్పత్రిలో చేర్చారని మాకు తెలుసు. ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయని ముందురోజు సాయంత్రం మెసేజ్ కూడా వచ్చింది. పెరుగుతున్నాయంటే తగ్గుతోందనే కదా అర్థం. అందుకని కాకిమా ఇంకెవరి గురించో చెబుతోందనుకున్నాను.

లోపల్నుంచి నానమ్మ, "ఏటే, ఏటంటంది ఆవిడ?" అని అడిగింది. ఆ మాట తెలుగులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చచ్చిపోయింది అనాలా, పోయింది అనాలా, లేదు అనాలా? ఇంగ్లీషులో గబుక్కున వచ్చింది కానీ అది నానమ్మకి అర్థం కాదు. చివరికి అమ్మే గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, "మేడ మీద పిల్ల ఎలిపోనాదంట, అత్తా" అంది.

నానమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత, "మరి నాకు సెప్పనేదేటి" అంది. ఊరికి వెళ్ళే మనిషి చెప్పి వెళ్ళాలి కదా అన్నట్టు.

మేడక్క అంటే మా పై అంతస్తులో అద్దెకుండే అక్క. పేరు రాయను. మా వీధి పేరు కూడా రాయను. కోల్‌కతాలో, వాట్‌గంజ్ వైపు, ఓడల కూత వినపడేంత దూరంలో. అంతవరకు చాలు. ఇది తెలుగులో రాస్తున్నది కూడా కొంత అందుకే. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. నాన్న ఇక్కడే పుట్టాడు, హిందీ బళ్ళో చదివాడు. అమ్మకి సంతకం వరకే వచ్చు. నాకు మేడక్క నేర్పింది. మా ఇంట్లో ఏదైనా దాచుకోవాలంటే తెలుగులో రాసి టేబుల్ మీద తెరిచి పెట్టినా ఫరవాలేదు. మీరు చదువుతున్నారు, నిజమే. కానీ మీరు మా వీధిలో ఉండరు.

అక్కది వరంగల్ వైపు. ఇక్కడ ఒక కంపెనీలో అక్షరాలు గీసే ఉద్యోగం. ఫోన్లో మనం చదివే అక్షరాలని ఎవరో ఒకరు కూర్చుని గీస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. అవి అలాగే ఉంటాయనుకున్నాను, ఆకాశంలాగా. నానమ్మకి అయితే ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు.

"అచ్చరాలు ఎప్పుడో గీసీసినారు కదే. మళ్ళీ గీయడమేటి?"

"గీసినయి మంచిగ లేవు బాపమ్మా."

"బాపనమ్మేటి? మేమేటి బాపనోళ్ళమా?"

"బాపనమ్మ కాదు, బాపమ్మ. మా దిక్కు నాయిన వాళ్ళ అమ్మను గట్లనే అంటం. ఏంది, నచ్చలేదా?"

"ఏంది ఏంది అంటాది. ఏటి అన్ను, అప్పుడు పలుకుతాను."

అక్క 'ఏటి' అని ఎప్పుడూ అనలేదు. నానమ్మ పలకడం ఎప్పుడూ మానలేదు.

అక్కతో బస్‌స్టాపుకి వెళ్తే బస్సు తప్పిపోయేది. ప్రతి షాపు బోర్డు ముందూ ఆగేది. ఒక కన్ను మూసుకుని చూసేది. "చదవకు, చూడు" అనేది నాతో. మొదట్లో నాకు తేడా తెలియలేదు. చూడకుండా ఎలా చదువుతాం? చదువుతున్నప్పుడు అక్షరాన్ని చూడలేమని, అర్థం అడ్డమొస్తుందని చెప్పింది. మురీ, అదే మరమరాలు, కొనుక్కుంటే తినేశాక ఆ పొట్లం విప్పి, దాని మీది అచ్చుని చాలాసేపు పరిశీలించేది. మా గోడ మీది క్యాలెండర్‌ని వచ్చినప్పుడల్లా తలకిందులుగా తగిలించేది. అలా చూస్తే అక్షరాలు బొమ్మలైపోతాయట. అమ్మ మళ్ళీ తిప్పి పెట్టుకుంటూ, "ఈ పిల్లొచ్చి ఎల్లినాదంటే మన ఏకాదసి ఎప్పుడో మనకే తెల్దు" అని విసుక్కునేది. విసుక్కుంటూనే వంకాయ వేపుడు పైకి పంపేది.

ఆమె చెప్పిన ఇంకో మాట నాకు సగమే అర్థమైంది, ఇప్పటికీ సగమే. "అక్షరం చుట్టున్న తెలుపే దాని ఇల్లు రా. నల్లది అందరు చూస్తరు. తెలుపు చూసెటోళ్ళే తక్కువ."

నాకు తెలుగు నేర్పడం ఎలా మొదలైందంటే, నేను తెలుగు మాట్లాడతాను గానీ చదవలేనని తెలిసి ఆమె బాధపడింది. పైకి రమ్మంది. మొదటిరోజు అక్షరాలన్నీ పెద్దగా గీసి నా ముందు పెట్టింది. నేను కాసేపు చూసి అడిగాను.

"అక్కా, వీటన్నిటి మీదా రైట్ మార్క్ ఎందుకుంది?"

"ఏ రైట్ మార్క్?"

"ఇదిగో. క మీద ఉంది, గ మీద ఉంది, త మీద ఉంది. మా మిస్ కాపీలు దిద్దినప్పుడు పెడుతుంది చూడు, అలాంటిది. మరి బ మీద, ల మీద లేదు. అవేం తప్పు చేశాయి?"

అక్క చేతిలో టీ ఒలికేంతగా నవ్వింది. దాన్ని తలకట్టు అంటారని, అది మార్కు కాదని, ఎవరూ దిద్దలేదని చెప్పింది. మళ్ళీ నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. నాకు భయమేసింది, ఏదైనా తప్పు మాట అన్నానేమోనని.

అప్పుడు మా వైపు ఇంటింటికీ వచ్చి కాగితాలు అడిగే రోజులు. ఓటర్ల జాబితాలో మన పేరు నిలబడాలంటే అమ్మానాన్నల పేర్లు ఎక్కడో పాత కాగితాల్లో దొరకాలి. దొరికితే పేరు పక్కన టిక్ పెడతారు. దొరకకపోతే పిలిచి, నువ్వు ఈ దేశం మనిషివేనని చూపించమంటారు. మా వీధి చివర స్కూల్లో కౌంటర్ పెట్టారు. పొద్దున్నే జనం వచ్చి గోడ వెంబడి నిలబడేవాళ్ళు. కాకిమా వాళ్ళ నాన్న సరిహద్దు అవతలి నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చిన మనిషి. "ఇన్నేళ్ళూ ఇక్కడే ఉన్నాం, ఇప్పుడు మళ్ళీ ఎక్కడి నుంచి అంటారేమిటి" అని కాకిమా మెట్ల మీద కూర్చుని ఎవరు కనబడితే వాళ్ళతో అనేది. అక్క ఆ వరసలో నిలబడ్డవాళ్ళతో వెళ్ళి మాట్లాడేది. తిరిగొచ్చి గీసేది.

ఆమె చేస్తున్నది ఏమిటంటే, గోడలకి అంటించే పోస్టర్లు. బొమ్మలు లేవు, నినాదాలు లేవు. ఒక్కో దాని మీద ఒకే మాట, పెద్ద అక్షరాల్లో. బెంగాలీ అక్షరాలు పైన ఒక గీతకి వేలాడుతున్నట్టు ఉంటాయి. ఆ గీత తీసేసింది. "గీత లేకపోతే జారి కింద పడిపోతాయి కదే" అంది కాకిమా, అది చూసి. "గదే కాకిమా, గదే" అంది అక్క. తెలుగులో తలకట్లు తీసేసింది. నేను రైట్ మార్క్ అన్నాను కదా, అక్కడి నుంచి వచ్చింది ఆ ఆలోచన. టిక్ పడని మనుషులు, టిక్ లేని అక్షరాలు. అయినా చదవగలం, అయినా ఉన్నారు అని చెప్పడం.

తెలుగు పోస్టర్ మీది మాట మాత్రం మా నానమ్మ నోట్లోంచి తీసుకుంది. "పొద్దున్నించి వరసలోనే నిలబడి ఉన్నారు పాపం" అంది నానమ్మ ఒకరోజు కిటికీలోంచి చూసి. అక్క ఆ మాట పట్టుకుంది. వరస అంటే లైను. వరస అంటే నువ్వు నాకు ఏమవుతావు అని కూడా. మూడు అక్షరాలు, మూడింటికీ తలకట్టు ఉంది. తీసేశాక అవి బోడిగా కనిపించాయి. మధ్యలో ఖాళీ ఎక్కువైందని వాటిని కొంచెం కొంచెం దగ్గరికి జరిపింది. "ఎండకు లైన్ల ఉన్నోళ్ళు నీడ దిక్కు జరుగుతరు చూడు, గట్ల." మధ్యలో ర ఉంది కదా, తలకట్టు తీసేస్తే ర ఉట్టి సున్నా అయిపోతుంది. అక్కకి అదే బాగా నచ్చింది. మనిషిని సున్నా చేశారని చెప్పకుండానే చెబుతుందంది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. చెప్పొచ్చో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మా నానమ్మ పుట్టింది శ్రీకాకుళంలో కాదు. రంగూన్‌లో. వాళ్ళ నాన్న అక్కడ ఓడరేవులో పనిచేసేవాడు. నానమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు అక్కడివాళ్ళు పొమ్మంటే అందరూ ఓడెక్కి వచ్చేశారు. తర్వాత ఇక్కడ డాక్‌లో పని ఉందని కోల్‌కతా వచ్చారు. అప్పటి కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న ఒకటే చెప్పాడు: "ఎవులడిగినా శ్రీకాకులం అను. అంతే. బర్మా అనే మాట నోట్లోంచి రాకూడదు." ఆ మాట ఇప్పుడు టీవీలో చొరబాటుదారులనే మాట పక్కనే వినబడుతుంది, మీకు తెలుసు. నేను స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. అక్కకీ చెప్పలేదు. ఆ కౌంటర్ నుంచి నానమ్మకి పిలుపు వచ్చినప్పుడు కూడా చెప్పలేదు.

ఒక ఆదివారం అక్క ఆ 'వరస' ప్రింటు తెచ్చి మా ముందుగది నేల మీద పరిచింది. పైన తన గదిలో అంత చోటు లేదు. నానమ్మ పక్కనే కూర్చుని బఠానీలు వలుస్తోంది. నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. నానమ్మ ఆ కాగితం వైపు వంగింది. ఆమెకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అయినా మధ్యలో ఉన్న గుండ్రని దాని మీద వేలు పెట్టి, "ఇది వ" అంది.

"కాదు నానమ్మా, అది ర. టిక్ తీసేశారు" అన్నాను.

"తీస్తే సున్నా అయింది బాపమ్మా" అంది అక్క.

"సున్నా ఏటి మీ మొకం. వలోన్. గుండ్రటి వ. మా టీచరమ్మ పలక మీద ఇలగే పెట్టీది." తర్వాత ఆమె తల ఊపుతూ, చిన్నపిల్లలు ఎక్కాలు చదివినట్టు, "కజీ, ఖగ్వే, గంగే" అని మొదలుపెట్టింది. ఆ భాష ఆమె నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. గొంతు కూడా ఆమెది కానట్టు, నాకన్నా చిన్నదానిలా ఉంది.

నాన్న సబ్బు నురగతో గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా" అన్నాడు. అంతే. నానమ్మ ఆగిపోయింది. నాన్న అక్కతో, "ముసిల్దానికి మతి నేదమ్మా, ఏదో అంటాది" అన్నాడు.

అక్క నాన్న వైపు చూడలేదు. కాగితం వైపే చూస్తోంది. అక్షరాలు గీసే మనిషి, అది బర్మా అక్షరమని ఆమెకి తెలియకపోవడం అనేది ఉండదు. ఆమె చాలా మామూలుగా, "వ అంటే ఏంది బాపమ్మా?" అని అడిగింది.

నానమ్మ నాన్నని చూసింది, బఠానీలని చూసింది. "అన్నం తినీసినాక సెప్తారు. కడుపు నిండినాదని. వ" అంది, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

అక్క మోకాళ్ళ మీద వంగి ఆ సున్నాని చూస్తోంది. అంతా తీసేస్తే ఏమీ మిగలదని ఆమె గీసింది. నానమ్మకి అందులో తక్కువైంది ఏమీ కనబడలేదు. పైగా తను నేర్చుకున్న అక్షరాలన్నీ తలకట్టు లేనివే. నాకు ఆ క్షణం నుంచి ఆ పోస్టర్ ఏం చెబుతోందో తెలియకుండా పోయింది.

"ఈ కాగితం ఎక్కడా అంటించకమ్మా" అన్నాడు నాన్న. "దండం పెడతాను."

"మీరు సరే అనేదాంక గిది గడప దాటదు అన్నా" అంది అక్క. దాన్ని చుట్టి మా బీరువా మీదే పెట్టి వెళ్ళింది, తన దగ్గర ఉంటే నాన్నకి నిద్ర పట్టదనేమో.

ఆ తర్వాత మోకాళ్ళ నొప్పితో గుడికి కూడా వెళ్ళని మా నానమ్మ మధ్యాహ్నాలు మెట్లెక్కడం మొదలుపెట్టింది. నేను స్కూల్ నుంచి వచ్చి మెట్ల మలుపులో నిలబడి వినేదాన్ని. లోపలికి వెళ్తే మాటలు ఆగిపోతాయని వెళ్ళేదాన్ని కాదు. ఒకరోజు అక్క గొంతు వినబడింది.

"నాకు సమజైతలేదు బాపమ్మా. సున్నా అని జెప్తే మందికి కోపమొస్తది, ఆగి చూస్తరు. నిండింది అని జెప్తే ఏమనుకుంటరు?"

"నువ్వు గీసింది నువ్వు సెప్పు, నాను సూసింది నాను సెప్తాను. నన్నడిగితే నానేటి సెప్పగలను. ఇంతకీ టీ పెడతావా, ఎల్లిపోనా?"

అంత పెద్ద చదువు చదివిన అక్కకి సమజ్ కాకపోతే నాకెలా అవుతుంది అనుకున్నాను. అలా అనుకుంటే కొంచెం ధైర్యంగా కూడా అనిపించింది. ఆ వారంలోనే ఆమెకి జ్వరం వచ్చింది.

అక్క వాళ్ళ అమ్మ వచ్చి గది ఖాళీ చేశారు. ఆ కాగితాలన్నీ ఏమిటో ఆవిడకి తెలియదు. ప్రతి దాన్నీ విప్పి చూసి మళ్ళీ చుట్టి పెట్టేవారు. అక్కతో పనిచేసేవాళ్ళు స్కూలుకి ఎదురుగా ఉన్న లైబ్రరీ గోడ మీద ఆమె పోస్టర్లన్నీ అంటిస్తామని, లైబ్రరీవాళ్ళు ఒప్పుకున్నారని చెప్పారట. ఆవిడ మా గుమ్మంలోకి వచ్చారు.

"మా పిల్ల గీసినయిల ఒకటి తక్కువున్నదంట. మీ దగ్గర గిన ఉన్నదా చెల్లె?"

అమ్మ నాన్నని చూసింది. నేను బీరువా వైపు చూడకూడదని నేల వైపు చూశాను. నాన్న, "మా దగ్గర ఏటీ నేదమ్మా" అన్నాడు.

"ఉన్నాది" అంది నానమ్మ మంచం మీద నుంచి. "బీరువా మీదున్నాది. గుంటా, తియ్యి."

నేను కదల్లేదు.

"అమ్మా, వచ్చే వారం నీకు ఇసారణ" అన్నాడు నాన్న. "ఎవుడైనా సూసి, ఇదేటని అడిగితే?"

"అడిగితే వరస అని సెప్పు. తెలుగు మాటే కదా. అది వ అని నాకొక్కదానికే తెలుసు." ఆగి, "ఆ పిల్లకి తెలుసు. ఆ పిల్ల ఎవులికీ సెప్పనేదు కదా" అంది.

నిజమే, అక్క ఎవరికీ చెప్పలేదు. నాన్న కుర్చీ లాక్కుని తనే ఎక్కి, కాగితం తీసి, దుమ్ము ఊది, అక్క వాళ్ళ అమ్మ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని విప్పి తిప్పి తిప్పి చూశారు. "ఏందిది?" అన్నారు. నానమ్మే ఆవిడ చెయ్యి పట్టుకుని, "అమ్మా, నీ కూతురు నాకు ఏటి వరస?" అని అడిగింది.

ఆవిడ చాలాసేపు ఆలోచించారు, నిజంగా లెక్క కట్టాల్సిన విషయంలాగా. "బాపమ్మ అని పిలిచేదంట కదా" అన్నారు చివరికి. "మనుమరాలు వరసైతది." అప్పుడు ఏడ్చారు. వచ్చినప్పటి నుంచి ఆవిడ ఏడవగా మేం చూడలేదు.

ఇదంతా రాయమని నాకు చెప్పింది నానమ్మే. "ఆ పిల్ల గురించి రాయి. నా గురించి రాసినా రాయి, పేరెట్టకు" అంది. నాన్నకి తెలియదు. రాస్తుంటే ప్రతి లైనుకీ కొట్టేయాలనిపిస్తోంది. అక్క ఉంటే ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పేది. తీసేయడం ఆమెకి బాగా వచ్చు. కానీ తీసేసింది తీసేసినట్టు ఉండదని చివర్లో ఆమెకే అనుమానం వచ్చింది, ఆ అనుమానం నాకు వదిలిపెట్టి వెళ్ళిపోయింది.

పోస్టర్లు అంటించిన పొద్దున, విచారణ ఇంకా కాకముందే, నానమ్మని తీసుకుని వెళ్ళాను. ఎదురుగా స్కూలు గోడ వెంబడి జనం నిలబడి ఉన్నారు, చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు. కొందరు రోడ్డు దాటి వచ్చి చూస్తున్నారు. బెంగాలీవి మెల్లగా, పెదాలు కదుపుతూ చదువుకుంటున్నారు. 'వరస' ముందు గొడుగు పట్టుకున్న ఒక బెంగాలీ పెద్దాయన ఆగి, తల అటొకసారి ఇటొకసారి వంచి, "ఎటా కీ భాషా? చీనా నాకి?" అన్నాడు. ఇదేం భాష, చైనీసా అని. ఆయన నన్నే అడుగుతున్నాడు. ర అని, సున్నా అని, వ అని మూడూ ఒకేసారి నోటి దాకా వచ్చాయి. "తెలుగు" అన్నాను, నాకే వినబడనంత చిన్నగా. "ఓ" అని ఆయన వరసలోకి వెళ్ళిపోయాడు.

నానమ్మ చీర కొంగు తల మీదికి లాక్కుని గోడ దగ్గరికి నడిచింది. మైదా జిగురు ఇంకా ఆరలేదు, కాగితం అక్కడక్కడా ముడతలు పడి ఉంది. ఆమె మధ్య అక్షరం మీద చూపుడు వేలు పెట్టి, పలక మీద దిద్దుతున్నట్టు ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చుట్టూ తిప్పింది. మొదలుపెట్టిన చోటికి వచ్చాక వేలు తీసి కొంగుకి తుడుచుకుంది. ఆ వేలు నడిచినంత మేరా తడి పైకి తేలి, ఎండకి మెరిసింది. అది ఆరేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.